కుట్టు విప్పిన పుస్తకం

ఏడొందల రూపాయల నవల,
పేపర్లన్నీ మెచ్చిన నవల,
ఆర్నూట పన్నెండు పేజీలు.
మనిషికి నూట నలభై ఏసుకొని
హైదరాబాద్ కెల్లి తెప్పిచ్చినం.
తెచ్చింది అనసూర్య, టికెట్ల మిషన్ సంచిల పెట్టుకొని.
దానికి హాఫ్ టికెట్ కొట్టాల్సిందని
ఇప్పటికీ నవ్వుతది.

చదివేటోళ్లం ఐదుగురం, పుస్తకం ఒక్కటి.
దేవరకొండ బస్టాండు ఎనక
ఇస్తారి బైండింగ్ షాపుల
షెట్టర్ సగం గుంజి కూసున్నం.
"ఒక్కొక్కరు నెల దీసుకుంటే
ఆఖరోనికి అందేసరికి మొదటోడు మర్సిపోతడు"
అన్నడు లచ్చిరాం.
ఇస్తారి మాట్లాడలే.
పుస్తకాన్ని బోర్లేసి, ఎన్నుపూస నిమిరి,
కొత్త బ్లేడు విప్పిండు.
మైమూదా టీచర్ కండ్లు మూసుకున్నది.
"కోడిని కోస్తలేనమ్మా,
కుట్టు విప్పుతున్న, గంతే."

చిట్టీలేసినం. నాకు నాలుగో భాగమొచ్చింది.

మందుల షాపుల గిరాకీ లేని యాళ్ల
గల్లాపెట్టె మీద పెట్టి మొదలుపెట్టిన.
మొదటి వాక్యంలనే ఎవరో ఏడుస్తున్నరు,
ఎందుకో తెల్వది.
మూడొందల అరవై ఏడో పేజీల,
పరాయోళ్ల పెండ్లికి పోయినట్లు,
పేర్లు తెల్వని మనుషుల నడుమ నిలబడ్డ.

ఐతారమొస్తే లొల్లి.
"తమ్ముణ్ని బాయిల ఇడిసిపెట్టొచ్చిన పెద్దోడు
మనిషే గాదు" అంటి నేను.
"నువ్వు రెండో భాగం చదవలే" అన్నడు లచ్చిరాం.
"పదేండ్ల పిలగాడు
తమ్మునికి అన్నం బెట్టి తను ఉత్త ముంత నాకిండు."
అనసూర్య దగ్గర ఆఖరి భాగమున్నది.
కల్వకుర్తి నైట్ హాల్టుల
బస్సు లైటు కింద చదువుతది.
ముగింపేందని ఎంత బతిలాడినా
"చిల్లర లేదు, దిగేటప్పుడిస్త" అంటది.

మైమూదాకు కథ మీద గాదు, మాట మీద కోపం.
ఉర్దూల పాఠం చెప్పి, తెలుగు కూడబలుక్కునే మనిషి,
ఒక్క మాట కాడ అరగంట ఆగుతది.
"ఆ రాసినాయన ఎన్నడూ నల్లా కాడ నిలబడలే.
బిందె నిండే చప్పుడు గిట్లుంటదా?"
మరెట్లుంటదంటే
గొంతుతోటి చేసి చూపెట్టింది:
ముందు బొంగురుగ, పోంగ పోంగ సన్నగ.
ఐదుగురం బిందెలై నిండుతుంటే
పక్క హోటల్ పిలగాడు షెట్టర్ కింది కెల్లి తొంగి చూసిండు.

ఒక ఐతారం లచ్చిరాం
పెద్దోని తరఫున గంటసేపు కొట్లాడిండు.
స్తంభమెక్కే మనిషి, చెయ్యి వణకని మనిషి,
టీ గ్లాసు కింద పెట్టేసిండు.
"అయిపోయినంక ఎవడన్న ఎట్లన్న చెప్తడు.
ఆ గడియల ఆడ ఉన్నోనికే ఎరుక."
ఆయన బాయి సంగతి మాట్లాడుతలేడని
మాకు తెలుస్తనే ఉన్నది.
ఎవ్వరం అడగలే.
ఆయన రెండో భాగం మా దగ్గర లేదు.

ఆర్నెల్లకు అన్ని ముక్కలూ అందరి చేతులు తిరిగొచ్చినయి.
దగ్గు మందు మరక నాది.
పసుపు వేలిముద్ర మైమూదాది.
మూలలకు ట్రాన్స్‌ఫార్మర్ నూనె.
అంచుల పొంటి అనసూర్య లెక్కలు:
ఫుల్లు ముప్పై ఆరు, హాఫు నాలుగు.
ఇస్తారి కుట్టేటప్పుడు లెక్కబెడితే
ఒక కాగితం తక్కువొచ్చింది.
నూట తొంభై మూడు, తొంభై నాలుగు.
పిలగాడు ముంత నాకిన పేజీ.
"నేను గాదు" అన్నం నలుగురం.
లచ్చిరాం బయట బస్సుల దిక్కు చూసుకుంట
"గాలికి పోయుంటది" అన్నడు.
ఆ సందుల తెల్ల కాగితం పెట్టి కుట్టిండు ఇస్తారి.
అట్ట మూత పడలే.
లోపలెవరో ఒత్తిగిల్లుతున్నట్లు
ఇంతెత్తున ఉబ్బింది.

వచ్చేది ఎనిమిదొందల పేజీలదట.
మనిషికెంత పడుతదో పాత బిల్లు ఎనక లెక్క గట్టినం.
ఇస్తారి బ్లేడు మార్చిండు.
ఈసారి మైమూదా
కండ్లు మూసుకోలే.